‘అర్థ్’లో ఇల్లు ఎవరిది?

మహేశ్ భట్ తీసిన హిందీ సినిమా ‘అర్థ్’లో భర్త సంగతి బయటపడక ముందే పూజ నెత్తిన ఇంకో పిడుగు పడుతుంది. ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. ఈ సినిమా గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఆ ముక్క వదిలేసి, నేరుగా భార్య, భర్త, మూడో మనిషి దగ్గరికి వెళ్ళిపోతారు. కానీ కథ మొత్తం తిరిగేది దాని చుట్టూనే. పూజ అనాథగా పెరిగిన మనిషి. చిన్నప్పటి నుంచి ఆమెకున్న కోరిక సొంత ఇల్లు, ఎవరూ పొమ్మనలేని ఇల్లు. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడు భర్త ఇందర్ కొత్త ఇంటి తాళాలు తెచ్చి చేతిలో పెడతాడు. ఇందర్ కవిత అనే సినీనటిని ప్రేమిస్తున్నాడనీ, ఈ ఇంటి డబ్బు కూడా ఆ దారినే వచ్చిందనీ పూజకి తర్వాత తెలుస్తుంది.

భర్త వేరే ఆమె దగ్గరికి వెళ్ళాడన్నది ఒక దెబ్బ. ‘నాది’ అని మురిసిపోయిన ఇల్లు ఆ సంబంధం పుణ్యమా అని వచ్చిందేనన్నది అంతకంటే లోతుగా దిగే దెబ్బ. ఆ గడప లోపల కూర్చుని ఏడవడానికి కూడా ఆమెకి మనసొప్పదు. అలిగి పుట్టింటికి వెళ్ళడానికి పుట్టిల్లు లేదు. పెళ్ళి అనేది ప్రేమతో పాటు తలదాచుకునే చోటు కూడా అయినప్పుడు, ఆ పెళ్ళి పగిలితే మనిషి ఎక్కడికి వెళ్ళాలి? ‘అర్థ్’ మొదటి రీలు నుంచి చివరి దాకా అడిగేది ఇదే. వివాహేతర సంబంధాల మీద మన దేశంలో వచ్చిన సినిమాలకి లెక్కలేదు. వాటిలో ఇది ఇప్పటికీ పాతబడకపోవడానికి కారణం కన్నీళ్ళ పక్కనే అద్దె, హాస్టల్ గది, ఉద్యోగం, చేతిలో మిగిలిన డబ్బు కూడా చూపించడం.

సినిమా 1982 డిసెంబర్‌లో విడుదలైంది. అంతకు ముందు ఏడాదే యశ్ చోప్రా ‘సిల్‌సిలా’ వచ్చింది. అందులోనూ పెళ్ళైన మగవాడు, పాత ప్రేమ, నలుగురి మధ్య చిక్కుముడి. అమితాబ్, జయ, రేఖ, సంజీవ్ కుమార్ వంటి పెద్ద తారలు, పూలతోటల్లో పాటలు. చివరికి భర్త భార్య దగ్గరికే తిరిగొస్తాడు. హిందీలోనే కాదు, తెలుగులోనూ అప్పట్లో నడిచిన పద్ధతి అదే. మగాడు దారి తప్పుతాడు, ఎక్కడో ఎదురుదెబ్బ తింటాడు, బుద్ధి తెచ్చుకుని ఇంటికొస్తాడు. భార్య ఓర్పు గెలిచిందని హాల్లో వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. చిన్నిల్లు పెట్టిన మొగుళ్ళ మీద నవ్వించే సినిమాలూ వచ్చాయి, ఏడిపించే సినిమాలూ వచ్చాయి. రెండు రకాల్లోనూ చివర్లో అతనికి ఇంట్లో చోటు గ్యారంటీ. తిరిగి ఆడది చెడితే తిరక్క మగాడు చెడ్డాడన్న సామెత ఉన్న భాష మనది. ఆ సామెతలో ఎంత లైసెన్సు ఉందో ఆ సినిమాల్లోనూ అంతే ఉంది.

భట్ ఆ లైసెన్సుని రద్దు చేశారు. అది కూడా తన సొంత జీవితాన్ని ముందు పెట్టుకుని. పెళ్ళై ఉండగా నటి పర్వీన్ బాబీతో తనకున్న అనుబంధం, దానివల్ల కాపురంలో వచ్చిన బీట ఈ కథకి ముడిసరుకు అని ఆయనే చాలాసార్లు బాహాటంగా చెప్పారు. అంటే ఆయన జీవితంలో ఇందర్ స్థానంలో ఉన్నది ఆయనే. అలాంటి మనిషి కథ రాస్తే తన వైపు వాదన వినిపించుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ఆయన మాత్రం కెమెరాని భార్య పక్కన నిలబెట్టి అక్కడి నుంచి కదపలేదు. ఇందర్ మనసులో ఏముందో మనకి పెద్దగా తెలియదు. కుల్‌భూషణ్ ఖర్బందా అతన్ని దుర్మార్గుడిలా చేయలేదు. ఇద్దరి దగ్గరా మంచివాడు అనిపించుకోవాలని చూసే బలహీనుడిలా చేశారు. ఇలాంటి మగవాళ్ళు తెరమీద కంటే మన చుట్టూనే ఎక్కువ కనిపిస్తారు. అతని మనసుకి తగినంత చోటు ఇవ్వలేదని కొందరు విమర్శిస్తారు. ఆ విమర్శలో బలం లేదు. అప్పటి దాకా వచ్చిన సినిమాలన్నీ అతని మనసు గురించే కదా.

అందరూ చెప్పుకునే పార్టీ సన్నివేశాన్ని కాస్త దగ్గరగా చూడాలి. సినిమావాళ్ళ పార్టీ. ఇందర్, కవిత కలిసి ఉన్నారు. పూజ కూడా వస్తుంది, తాగుతుంది. పైట జారుతోంది, మాట తడబడుతోంది, గొంతు పెరుగుతోంది. నలుగురూ చూస్తున్నారన్న స్పృహ ఆమెకి లేదు. అందరి ముందూ కవితని నిలదీస్తుంది. భార్య భర్తని తల్లిలా చూసుకోవాలని శాస్త్రాలు చెప్పాయి, ఆ పని నేను చేశాను అంటుంది. పడకగదిలో వేశ్యలా ఉండాలని కూడా చెప్పాయి, ఆ పని ఈమె చేస్తోంది అంటుంది.

తెలుగువాళ్ళకి ఈ మాట ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ‘కార్యేషు దాసీ, కరణేషు మంత్రీ, భోజ్యేషు మాతా, శయనేషు రంభా’ అని పెళ్ళిళ్ళలో పెద్దలు ముచ్చటగా వినిపించే శ్లోకమే అది. ధర్మపత్ని ఎలా ఉండాలో చెప్పే ఆ కొలతలన్నీ ఒక్క మనిషి మీదే పెట్టారు. భర్త ఎలా ఉండాలో అంత నోటికి వచ్చేలా ఎవరూ వినిపించరు. పూజ ఆ జాబితాని అందరి ముందూ విప్పి, నేను ఇంత చేశాను, మిగిలింది ఈమె చేస్తోంది అని పంపకం చేసి చూపిస్తుంది. మామూలుగా ఆ శ్లోకం ఆడదాన్ని పొగడటానికి చదువుతారు. ఇక్కడ అది విన్నవాళ్ళ తలలు దించేస్తుంది.

ఈ సన్నివేశంలో ఇంకొకటి గమనించాలి. ఆ రాత్రి పూజ కోపమంతా కవిత మీదే. ఇందర్‌ని దాదాపు వదిలేసింది. మోసపోయిన భార్యలు చాలామంది మొదట చేసేది ఇదే. మావారు మంచివారే, అదే వలలో వేసుకుంది అనుకుంటే బతకడం కాస్త సులువు. కాపురం మీద ఆశ మిగులుతుంది. ‘అర్థ్’ గొప్పతనం ఈ కోపాన్ని అక్కడ ఆపేయకపోవడంలో ఉంది. పార్టీలో కవిత మీదకి వెళ్ళిన కోపం, సినిమా సాగేకొద్దీ దిక్కు మార్చుకుంటూ, అసలు జవాబు చెప్పాల్సిన మనిషి దగ్గరికి చేరుతుంది. చేరేసరికి అందులో అరుపు ఉండదు, ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఈ మధ్యలో జరిగేదంతా నిలదొక్కుకోవడం. కవిత సంబంధంతో వచ్చిన ఇల్లు పూజ వదిలేస్తుంది. పెళ్ళినాటికి తన దగ్గరున్న 2,000 రూపాయలు మాత్రం తీసుకుని మహిళా హాస్టల్‌కి వెళుతుంది. గజల్ గాయకుడు రాజ్ పరిచయమై, ఉద్యోగం దొరకడానికి సాయపడతాడు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి హాస్టళ్ళు కట్టే కేంద్ర పథకం మొదలైంది 1972-73లో. అంటే ఒంటరి ఆడది ఊళ్ళో గది తీసుకుని బతకొచ్చన్న ఆలోచన ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కి అప్పటికి పదేళ్ళే. సినిమాల్లో అయితే అంతవరకు ఇల్లు విడిచిన భార్యకి రెండే దారులు: పుట్టిల్లు, లేకపోతే ఆత్మహత్య. హాస్టల్ మంచం అన్న మూడో దారిని ఇంత మామూలుగా, ఏ ఆర్భాటం లేకుండా చూపించడం చిన్న విషయం కాదు.

అప్పటి చట్టం కూడా తెలుసుకుంటే పూజ పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ వ్యభిచారాన్ని నేరం అంది. కానీ ఎవరి మీద, ఎవరి ఫిర్యాదు మీద? పరాయి మగవాడి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడు నేరస్తుడు. శిక్ష ఐదేళ్ళ దాకా. ఫిర్యాదు చేయాల్సింది ఆ స్త్రీ భర్త. తన భర్త పెళ్ళికాని స్త్రీతో ఉంటే భార్యకి ఆ సెక్షన్ కింద ఏ దారీ లేదు. భార్యని భర్త ఆస్తిలా చూసిన చట్టానికి పూజ పడ్డ నష్టం నష్టంలాగే కనిపించదు. ఈ సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2018 సెప్టెంబర్ 27న, సినిమా వచ్చిన 36 ఏళ్ళకి.

విడాకుల సంగతి వేరు. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణతో, భర్త లేదా భార్య పెళ్ళి తర్వాత ఒక్కసారి వేరొకరితో సంబంధం పెట్టుకున్నా రెండోవారు విడాకులు అడగొచ్చు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే పద్ధతీ అప్పుడే వచ్చింది. తప్పు చేసినవాడు ఆ తప్పునే చూపించి విడాకులు తెచ్చుకోలేడు. అందుకే ఇందర్ కాగితాలు పట్టుకుని పూజ సంతకం కోసం రావాలి. ఇల్లు లేని, డబ్బు లేని ఆ మనిషి చేతిలో చట్టం పెట్టిన బలం ఆ సంతకం ఒక్కటే. ఆమె దాన్ని బేరానికి పెట్టదు. ఇది ఆత్మగౌరవమా, అమాయకత్వమా అని ఇప్పటి ప్రేక్షకులు వాదించుకోవచ్చు. ఇల్లు, భరణం అడిగి తీసుకునే హక్కు ఆమెకి ఎందుకు లేదనుకోవాలి? సినిమా ఆ ప్రశ్న దగ్గర ఆగదు. ఆ డబ్బు ముట్టుకోకపోవడాన్నే గొప్పగా చూపిస్తుంది. అక్కడ మాత్రం భట్ తన కథానాయికని ఆదర్శం వైపు కాస్త ఎక్కువ నెట్టారనే అనాలి.

ఇల్లు విడిచిన భార్యని తిరిగి కాపురానికి పంపమని కోర్టుని అడిగే హక్కు, హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్, కూడా ఆ రోజుల్లోనే గట్టి చర్చకి వచ్చింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. ఇష్టం లేని మనిషిని కాపురానికి పొమ్మనడం ఆమె ఒంటి మీద ఆమెకున్న హక్కుని లాక్కోవడమేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ వాదనని కాదంది. ‘అర్థ్’ హాళ్ళలో ఆడుతున్న రోజుల్లోనే, ‘రాను’ అనే హక్కు భార్యకి ఉందా లేదా అని హైదరాబాద్‌లో న్యాయస్థానం ఆలోచిస్తోందన్నమాట.

ఇక కవిత. స్మితా పాటిల్ చేతిలో పడకపోతే ఈ పాత్ర ఏమైపోయేదో ఊహించడం కష్టం కాదు. కవితకి డబ్బుంది, పేరుంది, ఇందర్ ఉన్నాడు. లేనిది నమ్మకం. విడాకుల దాకా వచ్చినా ఆమె భయం తగ్గదు, రోజురోజుకీ పెరుగుతుంది. తన దగ్గరికి రావడానికి ఒక ఇంటిని కూల్చి వచ్చిన మనిషి రేపు తనని మాత్రం ఎందుకు వదలడు? ఈ ప్రశ్న వేసుకున్న రెండో స్త్రీ మన తెరమీద అంతకు ముందు ఎంతమంది కనిపించారు? సాధారణంగా ఆమె వగలాడి, లేదంటే త్యాగమూర్తి. చివర్లో చచ్చిపోతుంది, లేదంటే ఊరు విడిచి వెళ్ళిపోతుంది. కవిత పూజని కలుస్తుంది, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. కవిత భయానికి కారణం తను కాదని పూజ చెప్పడానికి చూస్తుంది. తర్వాత ఇందర్‌ని వదిలేసేది కవితే. అంటే ఈ కథలో ఇందర్‌ని ఇద్దరు స్త్రీలూ వద్దంటారు.

అయినా ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. కవిత మానసిక స్థితిని సినిమా ఆమె చేసిన పనికి పడ్డ శిక్షలా చూపిస్తుంది. ఇంకొకరి కాపురం చెడగొడితే పిచ్చెక్కుతుందన్న పాత నమ్మకాన్నే తెలిసో తెలియకో పెంచుతుంది. మానసిక జబ్బు పాపానికి ఫలితం కాదు. ఇందర్ మాత్రం హాయిగా నిద్రపోగలిగినప్పుడు శిక్ష అంతా ఆమె బుర్రలోనే ఎందుకు పడాలి? స్మిత ఆ బెదురు చూపుల్లో, ఉన్నట్టుండి విరిగిపోయే గొంతులో ఒక నిజమైన మనిషిని నిలబెట్టారు కాబట్టి ప్రేక్షకుడికి కోపం బదులు జాలి కలుగుతుంది. ఆ జాలి నటిది, స్క్రిప్టుది కాదు.

ఈ ఇద్దరు నటులూ తెలుగు నేలకి కొత్తవాళ్ళు కారు. పూజగా చేసిన షబానా ఆజ్మీ పుట్టింది 1950లో హైదరాబాద్‌లో. తల్లి షౌకత్ ఆ ఊరి ఆడపడుచు. 1975లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘నిశాంత్’ తెలంగాణ దొరల దౌర్జన్యం నేపథ్యంలో నడిచే కథ. అందులో షబానా, స్మిత ఇద్దరూ ఉన్నారు. అక్కడ దొరగారి ఇంటి కోడలు స్మిత, ఎత్తుకొచ్చి ఆ ఇంట్లో పెట్టిన స్త్రీ షబానా. ‘అర్థ్’కి వచ్చేసరికి చోట్లు తారుమారయ్యాయి. రెండింటినీ దగ్గర దగ్గరగా చూసిన ప్రేక్షకుడికి, భార్యా మూడో స్త్రీ అనేవి మగవాడి కథలో కేటాయించిన కుర్చీలేనని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పూజ ఇంటి పనిమనిషి కథ ఈ చిక్కుకి బయటిదిలా కనిపిస్తుంది గానీ, కాదు. ఆ పాత్ర చేసింది రోహిణీ హట్టంగడి. తర్వాత ‘సీతారామయ్యగారి మనవరాలు’లో అక్కినేని పక్కన నాయనమ్మగా తెలుగు ఇళ్ళన్నిటికీ దగ్గరైన నటి. ఆ పనిమనిషి మొగుడు తాగుబోతు, అతనికీ ఇంకో ఆడది ఉంది. కూతుర్ని మంచి బడిలో చేర్చాలని ఆమె 1,000 రూపాయలు కూడబెడుతుంది. అతను ఆ డబ్బు ఎత్తుకెళ్ళి ఆ ఇంకొకామె దగ్గర తగలేస్తాడు. ఆమె అతన్ని చంపి, తనంతట తానే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఒప్పుకుంటుంది. పూజకి 2,000, ఈమెకి 1,000. భట్ ఈ రెండు అంకెల్నీ కథలో ఊరికే పెట్టలేదు. పైమెట్టు మీదున్న ఆడదానికి దెబ్బ తగిలితే హాస్టల్ ఉంది, స్నేహితులున్నారు, రాజ్ ఉన్నాడు. కింది మెట్టు మీద ఆమెకి ఉన్నది ఆ డబ్బే. అది పోయిన రోజున కత్తి పట్టింది. హత్య దాకా తీసుకెళ్ళడం కొంచెం నాటకీయమే. కానీ ఆ పిల్ల బాధ్యత పూజ తీసుకోవడంతో, పూజ బతుకు మళ్ళీ ఏ మగవాడితో మొదలవుతుందన్న ప్రశ్నకే అర్థం లేకుండా పోతుంది.

పాటల గురించి రెండు మాటలు. జగ్జీత్, చిత్రా సింగ్ గజళ్ళు ఈ సినిమాని చూడనివాళ్ళ ఇళ్ళలో కూడా మోగాయి. ‘తుమ్ ఇత్‌నా జో ముస్కురా రహే హో’ రాసింది కైఫీ ఆజ్మీ, అంటే షబానా తండ్రి. నవ్వు వెనక ఏ దుఃఖం దాస్తున్నావని రాజ్ పూజని అడిగే పాట అది. కూతురు తెరమీద మింగుతున్న కన్నీటికి తండ్రి మాటలిచ్చారు. ఆ పాట నడుస్తున్నంతసేపూ షబానా చేసేది దాదాపు ఏమీ ఉండదు, నవ్వడానికి ప్రయత్నించడం తప్ప. ఆ ఏడాది ఉత్తమ నటి జాతీయ అవార్డు ఆమెకి రావడానికి పార్టీ సన్నివేశం ఎంత కారణమో, ఈ నిశ్శబ్దం కూడా అంతే కారణమై ఉండాలి.

చివరికి ఇందర్ వస్తాడు. కవిత వదిలేసింది, తప్పు తెలిసింది, క్షమించమంటాడు. పూజ తిట్టదు. ఒక్కటే అడుగుతుంది: నువ్వు చేసిన పని నేను చేసి, ఇలా తిరిగొచ్చి ఉంటే, నన్ను మళ్ళీ ఇంట్లోకి రానిచ్చేవాడివా? అతను లేదంటాడు. అబద్ధం చెప్పొచ్చు, చెప్పడు. ఇందర్ సినిమా మొత్తంలో నిజాయితీగా ఉన్న క్షణం అదే, అతని దారి మూసుకుపోయేదీ ఆ క్షణంలోనే. ఇదే ప్రశ్న మొదటి రీలులో అడిగి ఉంటే అది వట్టి ఉక్రోషమయ్యేది. ఇప్పుడు పూజకి ఒక గది ఉంది, జీతం ఉంది, పెంచాల్సిన పిల్ల ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్న భయం లేని మనిషి అడిగిన ప్రశ్న కాబట్టే దానికి అంత బరువు.

సినిమా చూసిన డిస్ట్రిబ్యూటర్లకి ఈ ముగింపు మింగుడుపడలేదని షబానా తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. భర్త వచ్చి క్షమించమని అడిగితే హిందూస్తానీ భార్య కాదంటుందా, మార్చండి అన్నారట. ఆమె, భట్ ఇద్దరూ ఒప్పుకోలేదు. భర్తని కాదనడం ఒక ఎత్తైతే, రాజ్‌ని కాదనడం ఇంకో ఎత్తు. రాజ్ మంచివాడు, ప్రేమిస్తాడు, పాడతాడు, ఏ షరతూ పెట్టడు. అతన్ని చేసుకుంటే ప్రేక్షకులు సంతోషంగా ఇంటికెళ్ళేవాళ్ళు. కానీ అప్పుడు కథ ‘చెడ్డ మగాడు పోయి మంచి మగాడు వచ్చాడు’ అనే దగ్గర ఆగిపోయేది. పూజ మళ్ళీ ఇంకొకరి తాళాలు చేతిలో పట్టుకుని నిలబడేది.

1993లో బాలు మహేంద్ర దీన్నే తమిళంలో ‘మరుపడియుం’ పేరుతో తీశారు. భార్యగా రేవతి, భర్తగా నిళల్‌గళ్ రవి, కవిత పాత్రలో మన అనకాపల్లిలో పుట్టిన రోహిణి, రాజ్ స్థానంలో అరవింద్ స్వామి. 2017లో పాకిస్తాన్‌లోనూ ఈ కథని మళ్ళీ తీశారు. సినిమా విడుదలయ్యాక ఆడవాళ్ళు తన దగ్గరికి నటిని చూడటానికి వచ్చే అభిమానుల్లా రాలేదని, అక్కచెల్లెళ్ళతో చెప్పుకున్నట్టు తమ కాపురాల గొడవలు చెప్పుకుని ఏం చేయాలో చెప్పమని అడిగేవారని షబానా చెబుతుంటారు. వాళ్ళకి జవాబు చెప్పాల్సిన బాధ్యత తన మీద పడిందన్న ఆలోచనే తనని మహిళా ఉద్యమాల వైపు నడిపించిందని కూడా.